మల్లవ్వ అమ్మనివ్వని గొర్రె

తొలకరి జల్లు పడగానే మా ఇంటి వెనక దొడ్డిలోంచి తడిసిన గొర్రె బొచ్చు వాసన లేస్తుంది. మా కోడలు కిటికీ మూసేస్తుంది. నేను వెళ్లి మళ్లీ తెరుస్తాను. అది కంపే, కాదనను. కానీ అది ముక్కుకు తగిలినప్పుడల్లా మల్లవ్వ మా గడప ముందు గొంగడి దులుపుతూ నిలబడ్డట్టే ఉంటుంది. ఆమె మా పక్కింటామె, గొర్రెల మంద ఉన్న మనిషి. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నాకు అక్షరాలు తల నెరిశాక వచ్చాయి కాబట్టి ఇన్నాళ్లూ ఆమె సంగతి నోటితోనే చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమేదాన్ని. మా ఆయన నడుము పట్టేసి ఏ పనికీ పోలేకపోయేవాడు. జీతం పడ్డ వారానికే కిరాణా కొట్టుకూ, ఆయన మందులకూ పోయేది. సగం నెలకల్లా నన్ను పనికి పెట్టుకున్న క్యాంటీన్ మేస్త్రి ముందు నిలబడి అడ్వాన్సు అడిగేదాన్ని. అతను ఇచ్చేవాడు, వచ్చే జీతంలో పట్టుకునేవాడు. అందుకే పై నెల ఇంకా ముందే అడగాల్సి వచ్చేది. ఒక సాయంత్రం ఇదంతా మల్లవ్వ దగ్గర వెళ్లబోసుకున్నాను. ఆమె ఓదార్చలేదు.

“జీతం నీది గాదు యాదమ్మా, మేస్త్రిది. నువ్వు నెలనెలా మోసుకొచ్చి ఆయనకే ఇస్తున్నవు” అంది.

నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆమే వచ్చి, క్యాంటీన్‌లో కూరగాయల తొక్కలు ఏం చేస్తారని అడిగింది. పారేస్తామన్నాను. మా వైపు డబ్బున్నవాళ్లు గొర్రెను కొని మందలో పాలుకు ఇస్తారు. మందవాళ్లు మేపుతారు, పుట్టిన పిల్లలను ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు. కొనే తాహతు నాకెక్కడిది? మల్లవ్వే తన మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను పట్టి, గుర్తుకు చెవికి గాటు పెట్టి, ఇది నీదంది. దాని వెల కింద రోజూ ఒక సంచి తొక్కలు తెచ్చివ్వాలి. మేపినందుకు పిల్లల్లో సగం ఆమెవి. ఆ సంచితో బస్సెక్కితే కండక్టరు వెనక సీటుకు పొమ్మనేవాడు. వెనకే కూర్చునేదాన్ని.

ఆ పిల్ల పెరిగి చూడిదైంది. సరిగ్గా అప్పుడే మా ఆయనకు జ్వరం పట్టుకుంది, విడవలేదు. మేస్త్రి ఈసారి అడ్వాన్సు లేదన్నాడు. బేరగాణ్ని వెంటబెట్టుకుని మల్లవ్వ దొడ్డికి వెళ్లాను. ఆమె తడిక తీయలేదు.

“జరమొస్తె గొర్రె, గ్యాసైపోతె గొర్రె. మరి గది ఈనేదెప్పుడు?”

“మా ఆయనకేమన్నయితె నీ గొర్రెనే ముంగటేసుకొని కూసో అక్కా.”

“ఏం గాదు. ఆటో పిలువు. పాలమూరు సర్కారు పెద్ద దవాఖానకు పోదాం, నేనొస్త.”

మందను మరిదికి అప్పజెప్పి వచ్చింది. ఆయన లేచి కూర్చునేదాకా దవాఖాన వరండాలో గొంగడి పరుచుకుని నాతోపాటే ఉంది. వెళ్లేటప్పుడు దారి పొడుగునా ఆమెను తిట్టాను. చేతిలో ఏమీ లేని మనిషి తిట్టక ఏం చేస్తుంది? ఆమె విననట్టే వక్క నమిలింది.

మొదటి పిల్ల ఆమె వంతుకు పోయింది. తర్వాత పుట్టిన పొట్టేలు నాది. దసరాకు అమ్మాం. టీవీ కొందామనుకున్నాను. మల్లవ్వ ముందు మేస్త్రి బాకీ తీర్పించింది, మిగిలినదానితో నెలకు సరిపడా బియ్యం, పప్పు, నూనె కొనిపించింది. “గీ నెల గొర్రె తినిపిస్తది. జీతం పడితె ముట్టకు. అది వచ్చే నెలకు” అంది. ఆ ఒక్క నెలే నన్ను ఒడ్డున పడేసింది. అప్పటిదాకా రాబోయే జీతాన్ని తిన్నాను, అప్పట్నుంచి వచ్చిన జీతాన్ని తిన్నాను.

ఒకసారి జీతాలు ఆలస్యమయ్యాయని క్యాంటీన్‌లో ఆడవాళ్లంతా గొడవపడేదాకా నాకు ఆ సంగతే తెలియలేదు. ఇంటికొచ్చి చెబితే మల్లవ్వ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. “పాపం, ఇగ మేస్త్రి ఎట్ల బతుకుతడే” అంది.

మల్లవ్వ ఒక ఎండాకాలం, నెలాఖరున పోయింది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, కల్వకుర్తి నుంచి వచ్చిన ఆమె పుట్టింటివాళ్లను మా ఇంటికి రమ్మన్నాను. ఎంతమందని అడగలేదు. డబ్బాలో బియ్యం ఎంత లోతున ఉందో చూసుకోకుండా ఎసరు పెట్టాను. వడ్డిస్తుంటే ఒక చిన్నామె కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, నెలాఖర్ల మీకు తక్లీఫ్ గదా పెద్దమ్మా అంది. ఆ చెయ్యి పక్కకు జరిపి ఇంకో గరిటె వేశాను. ఇవాళ్టికీ మా గడప ఎవరు తొక్కినా, తేదీ ఏదైనా, తినిపొమ్మనే అంటాను.