మూత ఎత్తకు వదినా

మా వదిన దల్వీనా చేతులు ఊరుకోవు. పెనం మీద కర్రపెండలం పిండిని అది వేగేదాకా ఉండనివ్వదు, కెలికి కెలికి నేలపాలు చేస్తుంది. మా అన్న దాన్నే ఏరుకుని తింటాడు.

వాగులో చిట్టి జెల్లలు పట్టడంలో మాత్రం మా రేవు మొత్తంలో ఆమెకు సాటి లేరు. బొటనవేలంత చేపలవి, ఇసుకలో మూతి పెట్టి తిండి వెతుక్కుంటూ తిరుగుతాయి. మనౌస్ పట్నం తీసుకెళ్తే గాజు తొట్లలో పెంచుకునేవాళ్లు కొంటారు. పిరికి పీనుగలు! బెదిరితే ఒంట్లోంచి విషం వదిలి, ఆ విషానికి అవే చస్తాయి. అందుకే పట్టగానే నురగ కట్టిన తొలి నీళ్లు పారబోసి, తొట్టిలో వాగు నీళ్లు పోసి, ఆకుల మూత వేసి నీడన వదిలేస్తాం. ఇక ముట్టుకోకూడదు.

వదినకు ఆ ఒక్కటే చేతకాదు. బతికున్నాయో లేదోనని ఊరికే మూత ఎత్తుతుంది. వెలుగు పడి అవి బెదురుతాయి. ఇంతకుముందు పంపినవన్నీ దారిలోనే చచ్చి తేలాయి. పడవలో వచ్చి కొనుక్కుపోయే ఎవాండ్రో మొహం మీదే చెప్పేశాడు: "ఈసారీ చస్తే ఇక నీ దగ్గర కొనను, దల్వీనమ్మా." ఆ పని పోతే ఈ మనిషి ఏమైపోతుందోనని నాకు గుబులు పట్టుకుంది.

అందుకే ఈసారి తొట్టి మా ఇంట్లో పెట్టించాను.

"ఒక్కసారి చూస్తానే, జాసీరా!"

"చూసి ఏం చేస్తావు, జోల పాడతావా?"

"చచ్చిపోయుంటేనో?"

"నువ్వు చూస్తేనే చస్తాయి. మూత ఎత్తకు వదినా!"

నన్ను తిట్టిపోసింది. నేను ఉతికి ఆరేసిన బట్టలన్నీ లాక్కెళ్లి మళ్లీ ఉతికింది.

పడవ వచ్చింది. ఎవాండ్రో మూత మీద చెయ్యేశాడు. వదిన అతని మణికట్టు పట్టేసుకుంది.

"తియ్యి చెయ్యి! నేనే చూడలేదు, నువ్వెవడివోయ్ చూడ్డానికి?"

అతను నవ్వుకుంటూ తొట్టిని కుదుపు లేకుండా తనే మోసుకెళ్లాడు.

అప్పుడు మొదలైంది నా నరకం. మూత కింద అవి అప్పటికే చచ్చి ఉంటే? చూడనివ్వనిది నేనేగా! పడవ తిరిగొచ్చేదాకా రోజూ ఇద్దరం రేవులోనే కాపు కాశాం.

ఎవాండ్రో రేవు తగలకముందే కేకేశాడు. "ఒక్కటీ చావలేదు! ఇంకా పట్టివ్వు!"

వదిన నడుముల్లోతు నీళ్లలోకి దిగిపోయి పడవ అంచు పట్టుకుంది.

"నువ్వు చూశావా? ఎలా ఉన్నాయి?"

"మీసాలు ఆడించుకుంటూ తిరుగుతున్నాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"మళ్లీ చెప్పు," అంది వదిన, ఏడుస్తూ.