రాగిరేకు యంత్రం, నా పీహెచ్‌డీ

చింతామణిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను చరిత్ర చెబుతాను. కన్నడంలో నా ఉద్యోగాన్ని ‘అతిథి ఉపన్యాసకి’ అంటారు. మన ఇళ్లల్లో అతిథి వస్తే కనీసం కుర్చీ వేస్తారు. మా స్టాఫ్ రూములో మాత్రం పర్మనెంటు వాళ్లు లేచి వెళ్లేదాకా అతిథులు కిటికీ దగ్గర నిలబడాలి.

పాఠాలతో పాటు పీహెచ్‌డీ కూడా చేస్తున్నాను. మా వైపు చిన్న ఊళ్లలో ఇంటి పూజలు ఎలా మారుతూ వచ్చాయన్నది విషయం. ఆదివారాలు బాగేపల్లిలో, మా పూజా సామాన్ల అంగడి మీది గదిలో కూర్చుని అదే సంగతిని వీడియోలుగా చెబుతాను. ముఖం చూపించను. గొంతు, చేతులు, చేతుల్లో ఒక వస్తువు, అంతే.

చిక్కబళ్లాపురంలో ఉండే మా గైడ్ గారికి ఇది గిట్టదు.

“సంశోధన చేసేవాళ్లు ఇట్లా తమాషాలు చేస్తారామ్మా? విద్య యాడ, యూట్యూబ్ యాడ?” అనేవారు.

“ఒక్కటైనా చూశారా సార్?” అని అడిగానొకసారి.

“చూడాల్నా? చూడకుండానే తెలుస్తాది.”

నా అధ్యాయాలను కూడా ఆయన ఆ పద్ధతిలోనే పరిశీలించేవారు.

ఈ మధ్య మా వైపు ప్రతి గుమ్మం మీదా ఒక రాగిరేకు యంత్రం వేలాడుతోంది. ముసలివాళ్లను అడిగాను, పాత పూజా పుస్తకాలు తిరగేశాను. ఎక్కడా దాని ఊసు లేదు. ‘ఇది మొన్నమొన్న వచ్చింది. పెట్టుకోవద్దని నేను అనను, తాతల కాలం నుంచీ ఉందని మాత్రం అనకండి’ అని వీడియో చేశాను.

మరుసటి రోజు నాయన నిలదీశాడు.

“ఏం పాపా, ఆ రేకు నీకు యాడ దొరికింది?”

“మన అంగట్లోనే నాయనా.”

“మన సరుకు మీదనే మన్ను పోస్తాండావే!”

ఆ వారమంతా నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత పాతపాళ్యం నుంచి ఒకామె అంగడికి వచ్చి ఫోన్ చూపించింది. అందులో నా చేతులు, నా గొంతు.

“ఇందులో చూపిచ్చినారే, ఆ రేకే కావాలప్పా.”

నేను పక్కనే ఉన్నాను. “చివరిదాకా విన్నావామ్మా?” అని అడిగాను.

“విన్యా. శానా బాగా చెప్పినారు. మా అక్కకి కూడా ఒకటియ్యి.”

అలాంటివాళ్లు ఇంకొందరు వచ్చారు. నాయన కొత్త సరుకు తెప్పించాడు. “ఈసారి కుంకం మీద చెయ్ పాపా. బాగా తిట్టు” అన్నాడు.

అదే రాగిరేకును కన్నడంలో అధ్యాయంగా రాసి గైడ్ గారికిచ్చాను. ‘మొన్నమొన్న వచ్చింది’ అన్న మాట కొట్టేసి, ‘సమీప గతమున వాణిజ్య ప్రక్రియల ద్వారా ఆవిర్భవించెను’ అనే అర్థం వచ్చేలా తిరగరాయించారు. అలా అధ్యాయం మొత్తం ఆవిర్భవించింది.

సమీక్ష రోజు చిక్కబళ్లాపురానికి బయటి నుంచి ఒక పెద్దావిడ నిపుణురాలిగా వచ్చారు. ఒక పేజీ చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఏమమ్మా, రాసిండేది తప్పు కాదు, అర్థమే కాలే. యూట్యూబ్‌లో ఒక పాప ఉండాది. ఈ రాగిరేకు గురించే ఎంత చక్కగా చెప్తాదో! ముందు అది చూసి, తర్వాత ఇది మళ్లీ రాయి.”

నేను నోరు తెరిచేలోగా గైడ్ గారు తల ఊపారు.

“నేనూ అదే చెప్తాండా మేడమ్. ఈ కాలం పిల్లోళ్లు చూడాల్సింది చూడరు.”

“మేడమ్, ఆ పాప నేనే” అన్నాను.

ఆవిడ నమ్మలేదు. ఫోన్ తీసి వీడియో పెట్టారు. గదిలో నా గొంతు వినిపించింది. కాసేపు విని, ఫోన్ ఆపి, నా వైపు చూశారు.

“ఇంత బాగా చెప్పేదానివి, ఇట్లెందుకు రాసినావు?”

నేను గైడ్ గారి వైపు చూడలేదు. సమీక్షకు వచ్చిన మిగిలినవాళ్లంతా చూశారు. ఆయన నీళ్లు తాగి, నిదానంగా గ్లాసు కింద పెట్టారు.

“ఆ వీడియోలు నేనే చేయమన్నా మేడమ్. విద్య జనాలకి పోవాల గదా.”

తిరుగు బస్సులో, గెలిచానన్న సంతోషం రావలసిన చోట మంటే వచ్చింది. ఇన్నేళ్లు ఆయన తమాషా అని తీసిపారేసిన పని ఒక్క గుక్క నీళ్లతో ఆయనదైపోయింది.

అధ్యాయాన్ని నా మాటల్లో మళ్లీ రాశాను. గైడ్ గారు ఒక్క అక్షరం మార్చలేదు, బహుశా చదవలేదు కూడా. థీసిస్ మీద సంతకం పెట్టే ముందు కలం చేతిలోనే ఉంచుకుని అడిగారు.

“వీడియో కింద మార్గదర్శనం అని నా పేరు వెయ్యమ్మా. పెద్ద అక్షరాలు వద్దులే, మామూలుగా.”

సంతకం అవసరం నాది. వేశాను. ఆ వీడియో కింద ఎవరో రాశారు: ‘అక్కా, ఈయన ఎవరు?’

నిజం రాయడానికి చేతులు రాలేదు. ఆ ప్రశ్నకు ఒక లైక్ కొట్టి ఊరుకున్నాను.