బాపు చదివిన చివరి పేజీ

మా బాపు చనిపోయి, దినాలైన మరునాడు టీవీలో ఒక పాత సినిమా వచ్చింది. చిన్నప్పుడు జనగామ హాల్లో అమ్మ పక్కన కూర్చుని చూశాను. అందులో నాయిక జబ్బుపడి, ఒక పాట పూర్తయ్యేంత సేపు దగ్గి చనిపోతుంది.

ఆ సినిమా చూసిన ఏడాదే వానాకాలంలో అమ్మ కూడా దగ్గుతో వరంగల్ దవాఖానలో చేరింది. లింగాల ఘనపూర్ ఇంట్లో నేనూ బాపూ మిగిలాం. ఆ సినిమాకు మూలమైన నవలను ఆయన రోజూ కొంత పైకి చదివేవాడు. పేజీలు తరిగేకొద్దీ నాకు అన్నం సహించేది కాదు. పుస్తకంలో కూడా నాయిక చనిపోతే అమ్మ ఇక రాదని నా నమ్మకం.

"ఇగ సదువకు బాపూ. గామె సచ్చిపోతది."

"ఎవలు జెప్పిన్రు బిడ్డా?"

"సిన్మాల సూసిన గద."

"సిన్మోళ్లకు ఏడిపిచ్చుడే పని. పుస్తకంల గట్ల లేదు, ఇను."

చివరి పేజీ ఎక్కడా తడబడకుండా చదివాడు. నాయిక మంచం మీద లేచి కూర్చుని, "జర గంజి పోయిండ్రి, ఆకలైతాంది" అన్నది. ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను. కొన్నాళ్లకు అమ్మ ఇంటికి వచ్చింది.

టీవీ ఆపి, బాపు పెట్టెలోంచి ఆ నవల తీసి మొదటిసారి నేనే చదివాను. సినిమాలో పాటంత సేపు పట్టిన చావు ఇక్కడ ఒక్క వాక్యంలో అయిపోయింది. ఇందులో ఎవరూ గంజి అడగరు. జ్వరం తగ్గినప్పుడల్లా అమ్మ అడిగే మాట అది.

అప్పుడు భయపడింది నేనొక్కదాన్నే అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను.