నవల్లో లేని ఏనుగు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక నవల గురించి యుద్ధం జరిగింది. పెంచి చెబుతున్నాననుకోకండి. పెంచి చెప్పడం నా వృత్తే అయినా ఈ ఒక్క విషయంలో వీలైనంత తగ్గించే చెబుతున్నాను. రెండు వర్గాలుగా చీలిన జనం ఒకే టీ కొట్టు ముందు వీపులు తిప్పుకుని టీ తాగారు. టీ కొట్టువాడు ఎటు మొహం పెట్టాలో తెలియక గోడకు తిరిగి పాలు కాచాడు.

మాది పూండి స్టేషనుకూ సముద్రానికీ మధ్య కొబ్బరితోటల్లో ఇరుక్కుపోయిన ఊరు. ఎండాకాలం వచ్చిందంటే జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ ఊరంతా కమ్మేసేది. కాకులు కూడా మధ్యమధ్యలో దగ్గి అరిచేవి. ఆ పొగలోనే మా గ్రంథాలయం. ఒక గది, ఒక అరుగు, నాలుగు కుర్చీలు, అన్నిటికీ కలిపి పది కాళ్లు. అక్కడి పుస్తకాలను శ్రద్ధగా చివరిదాకా చదివింది చెదపురుగులే. అలాంటి చోటికి, తొంభైల చివర్లో, గోదావరి అవతల ఎవరో రాసిన చారిత్రక నవల ఒకటి వచ్చింది. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. పెద్ద యుద్ధంలో జపానువాళ్లు బాంబులు వేసినప్పుడు మన కూలీలు రంగం నుంచి కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగివచ్చిన కథ అది. రంగం అంటే రంగూన్. మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఓడెక్కి రంగం పోయిన పెద్దవాడొకడు ఉండేవాడు. కానీ ఆ నడక నడిచి, అప్పటికింకా మా ఊళ్లో బతికున్న మనిషి ఒక్కరే. ఆయనే మా తాతయ్య.

పిల్లాడిగా ఉన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి నడిచి వచ్చాడు. వాళ్ల నాన్న రేవులో బాంబు పడి పోయాడు. ఈ రెండు ముక్కల్నీ తాతయ్య ఒక్క గుక్కలో దాటేసి ఏనుగు దగ్గరికి వెళ్లిపోయేవాడు. అది మామూలు ఏనుగు కాదు. అడవిలో ప్రతి మలుపు దగ్గరా వీళ్లకోసమే కాచుకుని ఉండేది. వీపున మెత్తటి పరుపు, తొండంలో ముగ్గిన పనసపండు. నాకు ఊహ తెలిసినప్పుడు అది ఒకటే ఏనుగు. నేను నాలుగో తరగతికి వచ్చేసరికి మందయింది, దంతాలకు గంటలు కట్టుకుంది, వాన వస్తే చెవులు గొడుగు పట్టింది. బళ్లో ఆ కథ చెప్పేటప్పుడు నా వంతుగా ఇంకో రెండు ఏనుగుల్ని నేనూ చేర్చాను.

కథ చెప్పేటప్పుడు తాతయ్యకు ఒక పట్టుదల ఉండేది. ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే వేరేవాళ్ల తాతయ్యలు చిన్నబుచ్చుకునేవారు. మా తాతయ్య మాత్రం భయపడేవాడు. నేను నిద్రలోకి జారి ఊ ఆగిందంటే కథ ఆపేసి, నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, భుజం పట్టి కుదిపి లేపేవాడు. "నిద్దరోయిన గుంటని లేపి మరీ కత సెప్తాడేటి ఈ మనిసి" అని నానమ్మ విసుక్కునేది. లోకంలో తాతలందరూ పిల్లల్ని నిద్రపుచ్చడానికి కథలు చెబుతారనీ, మా తాతయ్య ఒక్కడే నిద్ర లేపడానికి చెబుతాడనీ నేను చాలాకాలం గర్వపడ్డాను.

సరే, యుద్ధానికి వద్దాం. నవలను మొదట చదివింది టెక్కలి నుంచి బదిలీ మీద వచ్చిన మా లెక్కల మాస్టారు. ఎవరికీ అర మార్కు ఎక్కువ వేసి ఎరగని ఆ మనిషి, ఆ పుస్తకం చదివి తువ్వాలు పిండుకునేంతగా ఏడ్చారట. రెండోది చదివింది బట్టీ మావ. జీడిబట్టీ నడిపేవాడు కాబట్టి ఆ పేరు. మాకు వరసకు మావ, ఊరికి వరస లేకపోయినా మావే. ఆయన గొంతెత్తితే పూండిలో ఆగని మెయిలు బండి కూడా అనుమానంతో నెమ్మదించేది. ఆయనకు నవల నచ్చలేదు.

"రంగంల కూలిపని సేసినోడి పెల్లాం 'ఏమండీ, అలసిపోయారా' అంటాదేటి? మన ఆడోల్లు అలా పిలిస్తే మొగుడు ఎనక్కి తిరిగి ఎవుల్నోనని సూస్తాడు" అన్నాడు టీ కొట్టు దగ్గర. "అన్ని పేజీల్లో ఒక్కడు నవ్వడు, ఒక్కడు బీడీ ముట్టించడు. అది పోనీ. ఏనుగేది? మా ముసిలోడు నడిసొచ్చినోడు. ఆయనకి కనబడ్డ ఏనుగు ఈడికి కనబడ్నేదంటే, ఈడు ఆ దారి మొకం సూణ్ణేదు."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "యాస రాలేదు, ఒప్పుకుంటాను. కానీ జరిగింది జరిగినట్టు రాసాడు. ఏనుగు ఎందుకు లేదంటే, ఏనుగు రాలేదు కాబట్టి. దారి పొడుగునా శవాలు బావూ అక్కడ. దాన్ని సర్కస్ చేసి పిల్లలకి చెప్తే, పోయినవాళ్లకి మనం ఏటి మర్యాద ఇచ్చినట్టు?"

ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

ఆ మాట కొబ్బరితోటల్లోంచి ఊరంతా పాకింది. అబద్ధాలు చెబుతాడన్న అనుమానం పెరిగి పెరిగి, అసలీయన నడిచొచ్చాడా, ఓడలో వచ్చేసి కోతలు కోస్తున్నాడా అనేదాకా వచ్చింది. సాయంత్రాలు మా అరుగు మీద చేరే పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. బళ్లో నన్ను చూసి తొండంలా చెయ్యి ఊపేవారు. నేను ఇద్దరి మీద కలబడి ముగ్గురి చేత తన్నులు తిన్నాను. మా తాతయ్య అబద్ధాలకోరు అయితే, ఆయన చెప్పిన కొండలూ వానలూ వాళ్లమ్మా అందరూ ఏనుగుతో పాటే పోతారు. నాకింకేం మిగలదు. తాతయ్య మాత్రం ఖాళీ అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచు పేనుకుంటూ ఉండిపోయాడు.

లెక్కల మాస్టారు పట్టుదల మనిషేగానీ చెడ్డమనిషి కాదు. ఒక ఆదివారం పొద్దున్నే తాతయ్యను గ్రంథాలయానికి పిలిపించి, కొండ దాటే అధ్యాయం చదివిస్తాం, తప్పో ఒప్పో మీరే చెప్పండి అన్నారు. అరుగంతా నిండిపోయింది. తాతయ్య కళ్లకు శుక్లాలు కాబట్టి చదివే పని నాకు పడింది. నా చదువు మీద గౌరవంతో కాదు, బట్టీ మావ తర్వాత ఊళ్లో పెద్దగొంతు నాదే.

చదివాను. ఎర్రమట్టి కొండదారి, వదలని వాన, జారిపడే జనం, దారి పక్కన వదిలేసిన ట్రంకుపెట్టెలు. నేను ఊపిరి తీసుకున్న చోటల్లా తాతయ్య ఊ కొట్టాడు. ఎవరింట్లో కూర్చున్నా అది ఆయనకు మర్యాద. అలా చదువుకుంటూ, తల్లి చేతుల్లో ఒక బిడ్డ చనిపోయే చోటికి వచ్చాను. అక్కడ ఆ తల్లి మూడు పేజీలు చాలా అందంగా ఏడుస్తుంది. ఆ పేజీల్లో నాకు ఊ వినపడలేదు. ఇన్నాళ్లూ ఊ ఆగితే ఆయన భయపడేవాడు. ఆ రోజు నేను భయపడి తలెత్తాను.

తాతయ్య చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. చూపు ఎక్కడా లేదు.

"బుక్కు నిజఁవే మాస్టారూ" అన్నాడు. "సచ్చిపోయినోల్లు సరిగ్గానే ఉన్నారు. నడిసినోల్లే సరిగ్గా నేరు. ఏడుసుకుంటా కొండెక్కనేరు బావూ. ఊపిరి సాలదు."

తర్వాత ఆయన, మా నానమ్మకు కూడా తెలియని మాటొకటి చెప్పాడు. ఆయనకొక చెల్లెలు ఉండేదట.

"నా ఈపు మీద ఉండీది. జొరం. అమ్మ నెత్తిన మూటెట్టుకుని ముందర నడస్తంది. జొరంతోటి గుంట నిద్దరోతే మరి లెగదని ఎవులో అన్నారు. అందికే కత మొదలెట్టినాను. ఆ మలుపు తిరిగితే ఏనుగొస్తాది, నిన్నెక్కించుకుంతాది అన్నాను. ఊ అంది. మలుపు తిరిగినాక ఏనుగు నేదు. ఇది కాదే, ఆ పైమలుపు కాడ ఇంకా పెద్దేనుగుంది అన్నాను. ఊ అంది. సగం కొండకి ఊ ఆగిపోనాది."

అక్కడ తాతయ్య కూడా ఆగిపోయాడు. అరుగు అవతల బట్టీలో పిక్కలు పేలుతున్నాయి. ఆయన ఇక చెప్పడనుకున్నాను. అప్పుడు, కాళ్లు సరిగ్గా లేని ఆ కుర్చీలోంచి, లెక్కల మాస్టారు చాలా నెమ్మదిగా "ఊ" అన్నారు.

తాతయ్య అటు తిరిగాడు.

"నాను ఆగితే అమ్మకి తెలిసిపోద్ది. తెలిస్తే అమ్మ అక్కడే కూకుండిపోద్ది. కూకున్నోల్లు లెగడం నాను సూణ్ణేదు. అందికే కతా నానే సెప్పినాను, ఊ కూడా నానే కొట్టినాను. దాని గొంతుతోటి. కొండ దిగినదాకా."

బట్టీ మావ గొంతు అంత చిన్నదిగా కూడా ఉండగలదని ఆ రోజే తెలిసింది. "అయితే ఏనుగు..." అన్నాడు.

"నేదురా. ఉంటే ఎక్కించీవోణ్ని కాదేటి" అన్నాడు తాతయ్య.

యుద్ధం ఆ ఆదివారంతో ముగిసిందని రాస్తే ఈ కథకు అందం వస్తుందిగానీ, ముగియలేదు. ఆ 'ఏమండీ'ని బట్టీ మావ చివరిదాకా క్షమించలేదు. అది గొప్ప పుస్తకమేనని మాస్టారు చివరిదాకా అన్నారు. కాకపోతే ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతూ వాదించుకున్నారు, టీ కొట్టువాడు మళ్లీ ఇటు తిరిగి పాలు కాచుకున్నాడు. ఆ సాయంత్రం మా అరుగు మీదికి పిల్లలందరూ వచ్చారు. ఎవరూ ఏనుగు గురించి అడగలేదు, అడగడానికి మొహం చెల్లలేదు. తాతయ్యే కాసేపు చూసి, పీచు పక్కన పెట్టి, "ఆ మలుపు కాడికి ఎల్లేసరికి" అని మొదలెట్టాడు. మా ఊరు ఊరంతా వినబడేలా ఊ కొట్టాం. గుంపు చివర, చెప్పులు విడిచి నిలబడి, మాస్టారు కూడా కొట్టారు.

తాతయ్య పోయి చాలాకాలమైంది. నేను రాసేవాటిలో నిజమెంత, పెంచిందెంత అని ఇప్పుడు నన్ను అడుగుతుంటారు. నవ్వేసి, సగం సగం అంటాను. ఆ పాళ్లు నాకూ తెలియవు. కానీ ఆ రోజు నుంచి నాకొక అలవాటు అంటుకుంది. రైల్లో పక్కసీటు ముసలాయనగానీ, ఆసుపత్రి బెంచీ మీద ఎవరి తల్లిగానీ, నమ్మడానికి వీల్లేని కథ మొదలెడితే నిజమేనా అని అడగను. ఆ కథ ఎవరిని మోస్తూ మొదలైందో నాకేం తెలుసు. ఊ కొడతాను. కొంచెం గట్టిగా, ముందు నడిచేవాళ్లకు వినబడేలా.