రేడియో కోసేసిన మాట

మా ఊరి పంచాయతీకి సర్కారు రేడియో ఇచ్చినప్పుడు, వినేవాళ్ల సంఘానికి నన్ను కన్వీనరును చేశారు. మా తాతల గడీ పోయినా, భూములు పోయినా, ఈ దొరకు అక్షరమైతే మిగిలింది గదా అనుకున్నారేమో. సాయంత్రం గ్రామస్థుల కార్యక్రమం వినిపించాలి. విన్నవాళ్లు ఏమన్నారో ఒక ఫారంలో రాసి రేడియో కేంద్రానికి పంపాలి. "మీ కష్టసుఖాలు రాయండి, అందరికీ వినిపిస్తాం" అని ఆ పెట్టె రోజూ చెప్పేది. నేను నమ్మాను. అలా నమ్మినందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాది పానగల్‌కు దగ్గరి ఊరు. సాలెవాడకు నూలు సహకార సంఘం ద్వారా రావాలి. సంఘం అధ్యక్షుడు దాన్ని మగ్గమే లేని తన చుట్టాలకు పంచేవాడు. ఒక ముసలి నేతగాడి మగ్గం మూడు నెలలుగా ఖాళీ. నూలు రాకపోతే షోలాపూర్ మిల్లుకు పోవడం తప్ప ఆయనకు దారి లేదు. ఒకనాడు నా దగ్గరికి వచ్చాడు.

"దొరా, గా రేడియోకు ఒక ఉత్తరం రాయి."

"ఏం రాయాలె?"

"సర్కారు నూలు ఊరికి వస్తాంది, మా ఇంటికి రాలే. అధ్యక్షుని చుట్టాలిండ్లకు పోతాంది. గంతే. నువ్వు సోకులువెట్టి రాస్తే గది నా మాట గాదంటరు."

అలాగే రాశాను. నెల తిరగకముందే రేడియో వాళ్లు టేపు యంత్రంతో జీపులో వచ్చారు. దిగింది అధ్యక్షుడి ఇంట్లో, తిన్నదీ అక్కడే. అయినా ముసలాయన మగ్గం దగ్గర కూర్చుని, ఉత్తరంలో ఉన్నదంతా వణక్కుండా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

"భలే మాట్లాడారండీ! వెనకాల మగ్గం చప్పుడు వేస్తాం, కాస్త ఆడించండి" అన్నాడు వచ్చిన వాళ్లలో పెద్ద ఉద్యోగి.

"పడుగే లేదు సారూ, ఏం నేస్త?"

"చప్పుడొస్తే చాలండీ."

ఖాళీ మగ్గం ఆడించకూడదని ఆ ఇళ్లలో పట్టింపు. ముసలాయన మగ్గానికి దండం పెట్టుకుని ఆడించాడు.

ప్రసారం నాటి సాయంత్రం సాలెవాడంతా చావడి ముందు కూర్చుంది. పెట్టెలోంచి ముసలాయన గొంతు వచ్చింది: "సర్కారు నూలు ఊరికి వస్తాంది." ఆ తర్వాత మాట లేదు. మగ్గం చప్పుడు మొదలైంది. దాని మీద ఒక తీయటి గొంతు మా నేతగాళ్ల సంతోషాన్ని వర్ణించింది.

"ఏందే పెద్దనాయినా, నూలు నీకొక్కనికే వస్తాందా? అధ్యక్షుడు ఏం వోసిండు, కల్లా సారనా?" అన్నాడొకడు.

ముసలాయన నోరు తెరిచేలోపే ఆయన కోడలు లేచింది.

"చెవులల్ల దూది వెట్టుకున్నవా? గది ఖాళీ మగ్గం! కట్టెకు కట్టె తాకుతాంది, ఇనవడ్తలేదా?"

అందరూ చెవి ఒగ్గారు. నేసే మగ్గం దెబ్బ దారాల్లో అణిగి మెత్తగా వస్తుందట. నాకు తెలియదు. పట్నంలో కూర్చుని టేపు కోసినవాడికీ తెలియదు. సాలెలకు తెలుసు. ఎగతాళి చేసినవాడు తల దించుకున్నాడు.

మర్నాడు అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు.

"నేతగాళ్లందరు మెచ్చుకున్నరని ఫారంల రాయి దొరా. ముసలోడే నూలు వస్తాందన్నడు గద."

"సగం మాట వేసిండ్రు."

"మీ తాత కాలంల గా సగమన్న అనెటోడా? వెట్టికి గుడ్డ తెచ్చి, గడీ మెట్ల మీద వెట్టి పోయెటోడు."

అది నిజం. ఆ నిజాన్ని వాడి నోట వినాల్సి రావడం నాకు చెంపదెబ్బే.

"మా తాత చేసింది అన్యాయమే. దాని సాటున నువ్వు దాగకు" అన్నాను.

మాట ఎక్కడ కోశారో, మగ్గం ఎందుకు ఖాళీగా ఉందో, నూలు ఎవరెవరి ఇళ్లలో ఉందో ఫారం నిండా రాసి పంపాను. జవాబుగా ఒక అచ్చు కార్డు వచ్చింది. కార్యక్రమం నచ్చినందుకు సంతోషమట! అదే వారం నన్ను కన్వీనరు పని నుంచి తీసేశారు.

కొద్దిరోజులకే ముసలాయన షోలాపూర్ ప్రయాణమయ్యాడు. బస్సు దాకా వెళ్లాను. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి అడిగాడు.

"దొరా, కోసిన టేపు ముక్క ఏంజేస్తరు?"

"పారేస్తరు."

"నా మాటనా?" అన్నాడాయన.

బస్సు కదిలింది.