ఖాదర్ భాయ్ సముద్రానికి నేను పెట్టిన దీపం

మీలో ఎవరైనా సముద్రాన్ని పాడుచేశారా? నేను చేశాను. అది కూడా అలల చప్పుడు ఎరగని కొత్తగూడెంలో, కుర్చీలో కూర్చుని, ఒకే ఒక్క స్విచ్చుతో, ఐదు రోజుల్లో. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నవ్వు రాకపోయినా ఫర్వాలేదు, మీ వాటా కూడా మా నాన్న, అదే మా బాపు, ఎప్పుడో నవ్వేశాడు.

ఆ సముద్రం ఖాదర్ భాయ్‌ది. ఆయన మా కార్మికుల క్వార్టర్స్ దగ్గర దర్జీ. మా వీధిలో పెళ్ళికొడుకు అన్నవాడు ముందు ఆయన టేపుకి తల వంచి, తర్వాతే తాళి కట్టాలి. దుకాణం వెనక గదిలో ఓ గాజు తొట్టి, దాన్నిండా ఉప్పునీళ్ళు, అందులో రెండు చారల చేపలు, నడుమ విస్తరాకంత రాయి. ఆ రాయి మీద పచ్చపచ్చగా పగడపు జీవులు. ఒక్కోటీ చొక్కా గుండీ అంత ఉంటుంది, గుండ్రంగా అలాగే ఉంటుంది. ఏడేళ్ళ కిందట హైదరాబాదు నుంచి నాలుగంటే నాలుగు తెచ్చి పెంచితే, పిల్లలై, మనవలై రాయంతా పరుచుకున్నాయి. ఆ రాయంటే ఖాదర్ భాయ్‌కి ప్రాణం. మిషను ఆగిపోతే "రేపు చూద్దాం" అనే మనిషి, తొట్టిలో బుడగలు తగ్గితే చేతిలో ఉన్న పాంటు కింద పడేసి పరిగెత్తేవాడు.

ఇక నా సంగతి. బొగ్గుగని ల్యాంప్ రూములో ఉద్యోగం. లోపలికి దిగేవాళ్ళ టోపీ దీపాలకు ఛార్జింగ్ పెట్టి చేతికివ్వడం నా పని. దీపం బాగా వెలిగినన్నాళ్ళూ నా పేరు ఎవరికీ గుర్తుండదు. కాస్త మసకబారిందా, దిగినవాడు పైకొచ్చి నా మూడు తరాలనూ పేరుపేరునా పలకరిస్తాడు. కనుక నాకు తెలిసింది ఒకటే శాస్త్రం: తక్కువ వెలుగు తప్పు, ఎక్కువ వెలుగు ఒప్పు. దీపాల విషయంలో నాకు చెప్పేవాడు జిల్లాలో లేడని నా గట్టి నమ్మకం. నమ్మకం గట్టిదే, బుర్రే కాస్త మెత్తన.

ఖాదర్ భాయ్ మక్కాకు, ఉమ్రా యాత్రకు బయల్దేరుతూ దుకాణం తాళాలు నా చేతిలో పెట్టాడు.

"సంపత్, పదిహేను రోజులు. నీళ్ళు తగ్గితే ఈ గీత దాకా ఫిల్టర్ నీళ్ళు పోయ్. చేపలకు చిటికెడు మేత. గంతే."

"గంతేనా భాయ్?"

"అవ్. లైటుకు మాత్రం చెయ్యి పెట్టకు. దానంతట అదే వెలుగుతది, దానంతట అదే ఆరుతది."

"మరి ఆ అట్టపెట్టెల ఉన్నదేంది?"

"కొత్త లైటు. పాతదానికి వయసైపోయింది. నేనొచ్చినంక మెల్లమెల్లగ అలవాటు చేస్త. నీ పెళ్ళి కోటు గూడ వచ్చినంకనే కుడత, ఫికర్ చెయ్యకు."

అలవాటు చెయ్యడమేమిటి, అదేమైనా కొత్త కోడలా అనుకున్నాను. పెద్దాయన ప్రయాణ హడావుడిలో ఏదో అంటున్నాడని సరిపెట్టుకున్నాను.

మర్నాడు డ్యూటీ దిగి వెళ్ళి చూస్తే పాత లైటు పగటిపూట చంద్రుడిలా ఉంది. పాపం, ఇన్నేళ్ళూ ఈ జీవాలు ఈ గుడ్డి వెలుగులో బతికాయా అని మనసు కరిగిపోయింది. తిరిగొచ్చేసరికి కొత్త లైటు బిగించి ఉంటే ఖాదర్ భాయ్ ఎంత సంబరపడతాడో కళ్ళకు కట్టింది. పెట్టె విప్పాను, బిగించాను. రిమోట్ మీద ఒకటి నుంచి నూరు దాకా అంకెలున్నాయి. నూరు ఉండగా ఇరవై దగ్గర ఆగేవాడిని మా ల్యాంప్ రూములో పనిలో పెట్టుకోరు. నూరు నొక్కాను. గదిలో తెల్లారింది. గోడ మీది బల్లి సిగ్గుపడి కేలండరు వెనక్కి పోయింది.

సాయంత్రానికి గుండీలన్నీ ముడుచుకున్నాయి. కొత్త వెలుగు కదా, బిడియం అనుకున్నాను. చేపలు రెండూ రాయి కిందికి దూరాయి. వాటికీ బిడియమే అనుకున్నాను. మూడో రోజుకి పచ్చరంగు పలచబడింది. ఐదో రోజుకి రాయి మీది భాగమంతా మల్లెపువ్వులా తెల్లబడింది.

అయ్యా, ఇక్కడ మీరు నన్ను కొంచెం అర్థం చేసుకోవాలి. మేం బొగ్గు ఊరివాళ్ళం. తీగ మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది. సున్నం వేసిన గోడ నల్లబడుతుంది, ముక్కు తుడుచుకుంటే రుమాలు నల్లబడుతుంది. ఏ వస్తువైనా దానంతట అది తెల్లబడటం మా ఊళ్ళో నేను పుట్టి ఎరగను. ఇన్నేళ్ళ దుమ్ము నా లైటు దెబ్బకి వదిలిందనుకుని ఛాతీ విరుచుకున్నాను. ఫొటో తీసి గర్వంగా ఖాదర్ భాయ్‌కి పంపాను.

వెంటనే ఫోను మోగింది.

"సంపత్, ఈ ఫొటో ఎక్కడిది?"

"మన తొట్టిదే భాయ్. ఎట్లుంది? తళతళలాడుతలే?"

"లైటేమన్న ముట్టినవా?"

"కొత్తది బిగించిన. నువ్వొచ్చేసరికి సర్‌ప్రైజ్ అనుకున్న, ఆగలేకపోయిన."

"ఎంత మీద పెట్టినవ్?"

"ఫుల్లే. నీ దగ్గర కంజూసుతనం ఏంది భాయ్."

"బేటా, ఆటి ఒంట్ల పచ్చగ పాచి లెక్క ఒకటి ఉంటది. అదే ఆటికి అన్నం వండుతది. వెలుగు ఒక్కసారి మీద పడితే తట్టుకోలేక దాన్ని బయటికి తరుముతయ్. ఇంక తెల్లగైతయ్. ఆకలితోని చస్తయ్."

అంటే నేను ఇల్లు కడగలేదు, వంటమనిషిని వెళ్ళగొట్టాను.

"నేను ఇక్కడ దువా చెయ్యాల్సింది ఒకటుండె," అన్నాడు ఖాదర్ భాయ్. "ఇప్పుడు రెండైనయ్." ఫోను పెట్టేశాడు.

తిడితే బాగుండేది. ఆయన తిట్టలేదు. ఏడేళ్ళు ఒక్కొక్కటిగా పెంచిన ప్రాణాలను నా చేతుల్లో పెట్టి వెళ్ళిన మనిషికి, దేవుడి ఊళ్ళో ఉండగా కూడా నెమ్మది లేకుండా చేశాను. ఆ కంగారులో తెలివైనవాడైతే ఆలోచిస్తాడు. నేను స్విచ్చు కట్టేశాను. ఎక్కువ వెలుగు జబ్బు అయితే చీకటే మందు కదా అని ఇంటినుంచి రగ్గు తెచ్చి తొట్టి నాలుగు వైపులా కప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళని చూశారు గానీ, పగడాలు కాలాక రగ్గు పట్టుకున్నవాణ్ణి నన్నే చూస్తున్నారు.

మర్నాడు మా బాపు నన్ను వెతుక్కుంటూ దుకాణానికి వచ్చాడు. గనిలో ముప్పై ఏళ్ళు దిగి, ఎక్కి, రిటైరైన మనిషి. ముసుగేసుకున్న తొట్టిని చూశాడు.

"ఏందిరా, దీనికి చలిజ్వరమొచ్చిందా?"

"ఎండదెబ్బ బాపూ," అని జరిగింది చెప్పాను. బాపు విని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"షిఫ్టు దిగి బొగ్గు బాయిలకెల్లి పైకొచ్చినోడు ముందుగాల ఏం జేస్తడ్రా?"

"నాకు ల్యాంపిస్తడు."

"అంతకు ముందు?"

నేను ల్యాంప్ రూము కిటికీ ఇవతలి మనిషిని, అంతకు ముందుది నాకు కనపడదు.

"కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని మోహడ కాడ, గదే గని నోటి కాడ, నీడకు నిలబడుతడు. కొంచెం సేపైనంక వేళ్ళ సందులకెల్లి సూస్తడు. ఇంకొంచెం సేపైనంక చెయ్యి తీస్తడు. ఒక్కసారే ఎండలకు ఉరికినోడు గోడకు గుద్దుకుంటడు. మేం మనుషులం, మాకే గట్లుంటె, గివి గుండీలు. వెలుగంటే నువ్వు ఇచ్చినవ్ గాని బిడ్డా, చీకట్లకెల్లి ఎన్నడన్న వచ్చినవా?"

బాపు లేచి రగ్గు తీసి నా భుజాన వేశాడు. లైటును పది మీద పెట్టించాడు. తర్వాత ఖాదర్ భాయ్ గుడ్డల బీరువాలోంచి దోమతెర గుడ్డ తీసి ఎనిమిది మడతలు పెట్టి తొట్టి పైన పరిచాడు. రోజు విడిచి రోజు వచ్చి ఒక మడత విప్పేవాడు. నేను రెండు మడతలు విప్పబోతే చేతి మీద కొట్టేవాడు. ఫోనులో ఖాదర్ భాయ్‌కి ఈ సంగతి చెబితే, "మీ బాపును నేను వచ్చేదాంక ఆడ్నే కూసోమను," అన్నాడు. "నువ్వు మాత్రం దూరంగ ఉండు."

ఆయన వచ్చేనాటికి రాయి కింది అంచున గుండీలు పచ్చగా విచ్చుకున్నాయి. నడుమవి లేతగా తేరుకుంటున్నాయి. పైవి ఇంకా తెల్లగానే ఉన్నాయి గానీ, వేలితో నీళ్ళు కదిపితే ముడుచుకుంటున్నాయి. ఖాదర్ భాయ్ సంచీ కూడా దించకుండా తొట్టి ముందు వంగి చాలాసేపు చూశాడు.

"బతికే ఉన్నయ్," అన్నాడు చివరికి. "ఈ దోమతెర ఎవరి తెలివి?"

"బాపుది."

"రగ్గు?"

"నాది భాయ్."

"తెలుస్తనే ఉంది," అని నా చేతిలో ఖర్జూరాలు పెట్టాడు. నన్ను క్షమించేశాడన్న పిచ్చి నమ్మకంతోనే ఇంటికి వెళ్ళాను.

పెళ్ళిరోజు పొద్దున ఖాదర్ భాయే స్వయంగా కోటు తెచ్చి తొడిగాడు. గోధుమరంగు గుడ్డ, చక్కని కుట్టు, ఎక్కడా వంక లేదు. అద్దంలో చూసుకున్నాను. తొమ్మిది గుండీలు. అన్నిటికంటే కిందది ముదురు పచ్చ. దాని పైది కొంచెం లేత, ఆ పైది ఇంకా లేత. అలా తగ్గుతూ వచ్చి గొంతు దగ్గరి మూడు పాలలా తెల్లగా ఉన్నాయి. అచ్చం ఆ రాయి నిలబడి కోటు తొడుక్కున్నట్టుంది.

"ఇదేంది భాయ్?"

"నీ పనితనమే. నేను కుట్టిన, గంతే."

"పెళ్ళోళ్ళు అడుగుతరు భాయ్."

"అడగనీ. చెప్పు."

అడిగారు. మా మామగారు అడిగారు, ఫొటోలవాడు అడిగాడు, పురోహితుడు మంత్రం ఆపి మరీ అడిగాడు. బాపు పక్కనే ఉండి, నేను నోరు తెరిచేలోపే మొదటినుంచి చెప్పాడు. భోజనాల దగ్గర వరుస మారినప్పుడల్లా మళ్ళీ చెప్పాడు. నా భార్యకు నా గురించి తెలిసిన మొదటి విషయం ఇదే.

సందు దొరికాక ఖాదర్ భాయ్‌ని పక్కకు పిలిచి బతిమాలుకున్నాను.

"రిసెప్షనుకన్న మార్చు భాయ్. తొమ్మిది గుండీలే గద, ఒక్క గంట పని. అన్నీ పచ్చవి కుట్టెయ్."

"మారుస్త," అన్నాడు ఆయన శాంతంగా. "రాయి మీద ఒక వరుస పచ్చబడ్డప్పుడల్లా ఒక గుండీ మారుస్త. అన్నీ ఒక్కసారి మారిస్తె కోటు తట్టుకోదు బేటా."

ఇది జరిగి ఏడాదైంది. ఇంకా రెండు తెల్లవి మిగిలాయి. కనుక సకల జనుల ఎదుట, ముఖ్యంగా మా బాపు ఎదుట, ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఏ ప్రాణి మీదా వెలుగును ఒక్కసారిగా వెయ్యను, ఒక్కసారిగా తియ్యను. ఫ్రిజ్ తలుపు కూడా మెల్లగానే తీస్తాను, లోపల చీకట్లో వంకాయలుంటాయి.