తోట తాత మొల

చేతిలో ఒక మిషన్ ఉండి, దాన్ని నడపడం చుట్టుపక్కల ఇంకెవరికీ రాని రోజులు మనిషికి ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. ఆ రోజుల్లో వాడు నేల మీద నడవడు. పెద్దమందడి దగ్గరి ఒక మామిడితోటలో, గాలితో మొలలు కొట్టే గన్నుతో నేను కాయల పెట్టెలు తయారుచేసే కాలం అది. సుత్తితో పూట పట్టే పనిని చాయ్ చల్లారేలోగా ముగించేవాణ్ణి (చాయ్ కొంచెం ఎక్కువ వేడిగానే ఉండేదనుకోండి). చెక్క మెత్తనిదైతే మర తిప్పి గాలి తగ్గించాలని, మొల ఇరుక్కుంటే ముందు పైపు ఊడదీసి ఆ తర్వాతే చెయ్యి పెట్టాలని పనివాళ్లకు పురాణం చెప్పినట్టు చెప్పేవాణ్ణి. వాళ్లు వినకపోయినా ఆపేవాణ్ణి కాదు.

దాన్ని శ్రద్ధగా విన్నది ఒక్క తోట తాత, అంటే మా యజమాని తండ్రి. షెడ్డు ముందు మంచం వేసుకుని, ఆరిపోయిన బీడీ పెదవుల మధ్యే ఉంచుకుని, గన్ను వైపే చూస్తుండేవాడు. ఒకరోజు నేను నీళ్లు తాగి వచ్చేసరికి గన్ను ఆయన ఒళ్లో ఉంది. పైపు తగిలించే ఉంది. ఆయన దాని మూతిలోకి ఒక కన్ను పెట్టి చూస్తున్నాడు. "గన్ను మూతి కంటికి పెట్టుకుంటరా తాతా ఎవలన్న! గుడ్డు పోతది!" అని అందరి ముందూ అరిచి, గన్ను లాక్కుని పైపు ఊడదీశాను. ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "నేన్ పోయినంక సూడు. ఈ తోటల నిన్ను ఒక్క మొల కొట్టనియ్య" అని వెళ్లిపోయాడు. కొద్దిరోజులకే నిద్రలో కన్నుమూశాడు.

ఆయన్ను తోటలోనే, షెడ్డుకు ఎదురుగా పూడ్చారు. మూడోనాడు అక్కడే పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. విస్తరిలో మాంసం కూర, జొన్నరొట్టె, పక్కన కల్లు సీసా, బీడీకట్ట. కాకి ముడితే పోయినవాళ్లకు తృప్తి; ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. యజమాని (అన్నా అనే పిలిచేవాణ్ణి) "జరసేపు పని బంద్ పెట్టు" అంటే, గన్ను బల్ల మీద పెట్టి వెళ్లి అందరితోపాటు నిలబడ్డాను. ఎండ నడినెత్తిన ఉంది. ఆకు కదలడం లేదు. ఒక కాకి కొమ్మల్లోంచి దిగి, విస్తరి దగ్గరికి గెంతి, ముక్కు వంచింది. షెడ్డులో గన్నుకు గాలి నింపే కంప్రెషర్ దానంతటదే ఢకఢకమని మొదలైంది.

కాకి ఎగిరిపోయింది. షెడ్డులో ఎవరూ లేరు. అందరూ నా వైపు చూశారు, నేను నా చేతులు చూసుకున్నాను. కాసేపటికి మోటారు తనే ఆగింది. "వచ్చిండు" అంది తాత భార్య, మేమందరం అవ్వ అని పిలిచే ఆమె.

అన్న చేతులు జోడించాడు. "నాయనా, ఆ మిషిన్ నీకు పడదని తెల్సు. రేపే వాపస్ పంపిస్త. ఈ పిలగాణ్ణి గూడ పంపిస్త." (నన్ను!) సీజన్ మొదట్లోనే నా పని పోయింది. అంతకంటే, ఆ తోటలో నాకున్న గొప్ప పోయింది. కాకి మళ్లీ దిగింది. అది ముట్టకూడదని, పాపమని తెలిసీ, మనసులో దండం పెట్టుకున్నాను. అది ముక్కు వంచింది. ఢకఢక. కాకి మళ్లీ ఎగిరిపోయింది. నా దండం ఎవరు విన్నారో తలుచుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

మిషన్ పంపేస్తానన్నా శాంతించని తండ్రిని ఇంకేం అడగాలో అన్నకు తోచలేదు. అప్పుడు అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఆయనకు దాని మీద కోపం ఏడిది బిడ్డా? పానమంత దాని మీదనే ఉండె. ఒక్క మొల నా చేత్తోని కొడితె ఎట్లుంటదో అని ఎప్పుడు అదే ముచ్చట. నువ్ గుంజుకుంటివి. ఆ పొద్దు బువ్వ గూడ తినలే. పో, ఆయన పేరు మీద ఒకటి కొట్టు." ఆ మాటకు నాకు భయం కంటే ముందు ఏడుపొచ్చింది.

ఒక్కణ్ణే షెడ్డులోకి వెళ్లాను. బయట అంత ఎండ ఉన్నా లోపల మసకగా ఉంది. సన్నగా ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు. బీడీ వాసన కూడా వచ్చినట్టే ఉంది. వెతికితే ఆ ఊపిరి పైపు జాయింట్ దగ్గరిది. అక్కడ చెక్కపొట్టు అల్లాడుతోంది. నేను గన్ను పక్కన పెట్టానే గాని స్విచ్ ఆపలేదు, పైపు తీయలేదు. గాలి కారిపోయి ట్యాంకులో తగ్గినప్పుడల్లా మోటారు తనే నింపుకుంటోంది. అంత పురాణం చెప్పినవాణ్ణి! స్విచ్ ఆపి, జాయింట్ ఊడదీసి మళ్లీ సరిగా కూర్చోబెట్టాను. చెక్క మెత్తనిది కాబట్టి గాలి తగ్గించాను. గన్ను మూతిని పెట్టె మీద నిలువుగా ఆనించి, "తాతా, ఇది నీదే" అని నొక్కాను. టప్. మొల తల చెక్కతో సమానంగా దిగింది. అంత చక్కగా నేనెన్నడూ కొట్టలేదు. తర్వాత పైపు తీసేసి ట్యాంకు అడుగున మర విప్పితే, మిగిలిన గాలి పొడుగ్గా, మెత్తగా బయటికొచ్చి, సన్నబడి ఆగింది. బయట అందరూ ఆ చప్పుడు విన్నారు. కాకి దిగి మొదట బీడీకట్టను పొడిచింది.

మిషన్ ఉండిపోయింది, నేనూ ఉండిపోయాను. గాలి కారిన సంగతి చెబితే అన్న ఇంటివైపు ఒకసారి చూసి, "అమ్మకు చెప్పకు" అన్నాడు. గాలి ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. రెండుసార్లూ కాకి ముక్కు వంచినప్పుడే ఎందుకు తగ్గిందో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు వనపర్తిలో నాకు సొంత షెడ్డు ఉంది. పని ముగిశాక పైపు తీసి, ట్యాంకు గాలి వదిలిపెట్టందే తాళం వేయను. సీజన్ తొలిరోజు మాత్రం గేటు దగ్గర నిలబడి చూసే ముసలాయన ఎవరైనా ఉంటే లోపలికి పిలుస్తాను. కళ్లకు అద్దాలు పెట్టి, చేతి మీద చెయ్యి వేసి, మొదటి మొల ఆయనతోనే కొట్టిస్తాను. టప్ అనగానే ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. గన్ను లాక్కుని అరిచిన ఆనాటి మొనగాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుతాను, కొంచెం ఆలస్యంగా.